తాతల నాటి వస్తువు ఎవరి అమానతు?

మచ్చబొల్లారంలో ఆ శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం ఇళ్లకు వెళ్తున్నారు. మసీదు వసారాలో ఒక మూల పెట్టె ఒకటి ఉంది. చినిగిపోయిన ఖుర్ఆన్ పుటలు, అల్లాహ్ నామం ఉన్న పాత కాగితాలు కాళ్ల కింద పడకుండా అందులో వేస్తారు. ముప్ఫై ఏళ్ల యువకుడొకడు గుడ్డలో చుట్టిన పాత గ్రంథాన్ని పట్టుకుని ఆ పెట్టె దగ్గర నిలబడ్డాడు. వేయాలా వద్దా అన్న సందేహం అతని ముఖంలో కనిపించింది. నన్ను చూసి సలాం చేసి, "మౌల్వీ సాబ్! దీన్ని ఇందులో వేసేయమంటారా? లేకపోతే బంగారు రంగు అట్ట వేయించి అద్దాల పెట్టెలో పెట్టుకోమంటారా?" అని అడిగాడు.

వాళ్ల తాతగారి పెంకుటిల్లు పడగొట్టి అపార్టుమెంటు కడుతున్నారట. అటక మీది సందూకు దింపితే అందులో రాగి దేగ్చీలు, నల్లబడిన బిదరీ పాన్‌దాన్, జరీ ఊడిపోతున్న ఖడా దుపట్టా, కాగితాల కట్ట ఒకటి, ఈ ఖుర్ఆన్ బయటపడ్డాయట. పాత సామాను కొనేవాడు అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడట. మన ప్రాంతంలో ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. 2007లో అల్వాల్ మున్సిపాలిటీ హైదరాబాద్ మహానగరంలో కలిసిన తరువాత మచ్చబొల్లారం నుంచి మేడ్చల్, షామీర్‌పేట దాకా పాత ఇళ్లు ఒక్కొక్కటిగా కూలుతున్నాయి. ఇల్లు కూలినప్పుడల్లా ఒక సందూకు తెరుచుకుంటోంది. అందులోని సామానులో సగం తూకానికి పోతోంది, మిగిలిన సగం షోకేసులోకి చేరుతోంది. ఈ రెండు దారులూ సరైనవి కావన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట.

నేను గ్రంథాన్ని తీసుకుని చూశాను. రాతి అచ్చులో ముద్రించిన ఖుర్ఆన్. కుట్లు వదులయ్యాయి, అంచులు పురుగు తిన్నాయి. కానీ అక్షరం చెక్కుచెదరలేదు. అట్టకూ మొదటి పుటకూ మధ్య ఉన్న ఖాళీ కాగితం మీద ఉర్దూలో చేతిరాత ఉంది. "ఇందులో ఏం రాసి ఉందో తెలుసా బేటా?" అని అడిగాను. "ఏవో దుఆలు అనుకుంటున్నాం సాబ్. మా ఇంట్లో ఉర్దూ చదివేవాళ్లు ఇప్పుడెవరూ లేరు" అన్నాడు.

అవి దుఆలు కావు. అతని తాతగారు తన పిల్లల పుట్టుకలు రాసుకున్నారు. హిజ్రీ 1369లో కూతురు, 1372లో కొడుకు, 1378లో మరో కొడుకు. ఆ చివరి పేరు ఈ యువకుని తండ్రిది. మధ్యలో ఒక వరుస చెరిగిపోయి ఉంది. 1375 అన్న అంకె మాత్రం కనిపిస్తోంది, పేరు కనబడటం లేదు. దుమ్ము పోవాలని ఇంట్లోవాళ్లు తడి గుడ్డతో తుడిచారట. అన్నిటికన్నా కింద వేరే సిరాతో మరో మాట ఉంది. 1387లో, అంటే 1967-68 ప్రాంతంలో, కూతురి నికాహ్ రోజున ఈ ఖుర్ఆన్‌ను ఆమె చేతికి ఇచ్చినట్లు తండ్రి రాసిపెట్టారు.

చదివి వినిపించాను. యువకుడు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఇది ఫుప్పుది కదా సాబ్?" అన్నాడు చివరికి. ఆ మేనత్త బతికే ఉన్నారు. షామీర్‌పేట వైపు కొడుకు దగ్గర ఉంటున్నారు. రెండు కుటుంబాల మధ్య రాకపోకలు తగ్గి చాలా ఏళ్లయింది.

ఖదీజా హారం చెప్పే పాఠం

పెద్దల వస్తువుల మీద ప్రేమ ఉండటం ఇస్లాంకు విరుద్ధమేమో, ప్రపంచ వ్యామోహమేమో అని కొందరు అనుమానిస్తారు. వారికి దైవప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలోని ఒక సంఘటన గుర్తుచేయాలి. హిజ్రీ 2లో బద్ర్ యుద్ధం జరిగింది. బందీలలో ప్రవక్త (స) పెద్ద కుమార్తె హజ్రత్ జైనబ్ (రజి) భర్త అబుల్ ఆస్ కూడా ఉన్నారు. అప్పటికి ఆయన ఇస్లాం స్వీకరించలేదు. మక్కాలో ఉన్న జైనబ్ (రజి) భర్త విడుదల కోసం పరిహారంగా ఒక హారం పంపారు. అది ఆమె తల్లి హజ్రత్ ఖదీజా (రజి) పెళ్లినాడు కూతురికి ఇచ్చిన హారం. ఖదీజా (రజి) కన్నుమూసి అప్పటికి సుమారు 5 ఏళ్లు. ఆ హారాన్ని చూడగానే ప్రవక్త (స) హృదయం కరిగిపోయింది.

ఆ తరువాత ఆయన ఏం చేశారో గమనించండి. ఆయన నాయకుడు. హారం తన ఇంటిది, తన సహధర్మచారిణి మెడలోది. తీసి కూతురికి పంపించివేస్తే అడిగేవారెవరూ లేరు. కానీ పరిహారంగా వచ్చిన సొమ్ము ఆయన ఒక్కరిది కాదు, యుద్ధంలో పాల్గొన్నవారందరి హక్కు అందులో ఉంది. అందుకే ఆయన సహచరులను అడిగారు. మీకు సమ్మతమైతే జైనబ్ భర్తను వదిలి, ఆమె హారం ఆమెకు తిరిగి ఇవ్వండి అని కోరారు. వారు సంతోషంగా ఒప్పుకున్నారు. అప్పుడే హారం తిరిగి వెళ్లింది.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, పోయినవారి వస్తువు చూసి గుండె కరగడం తప్పు కాదు, అది ప్రవక్త (స) హృదయ స్వభావమే. రెండు, ఎంత గాఢమైన జ్ఞాపకమైనా ఇతరుల హక్కును దాటిపోకూడదు. కన్నీరు ముందు వచ్చినా, చేయి చాచే ముందు అనుమతి రావాలి.

మక్కా విజయం నాటి సంఘటన కూడా ఇలాంటిదే. హిజ్రీ 8లో కాబా గృహపు తాళంచెవి ప్రవక్త (స) చేతికి వచ్చింది. దాన్ని తమకిమ్మని కోరినవారు ఉన్నారు. కానీ ఆయన దాన్ని తరతరాలుగా ఉంచుకున్న కుటుంబానికి చెందిన ఉస్మాన్ బిన్ తల్హా (రజి)కే తిరిగి అప్పగించారు. ఆ తాళంచెవి ఆ వంశంలోనే నేటికీ ఉంటోంది. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని ఆదేశించే నిసా సూరా 58వ వాక్యాన్ని వ్యాఖ్యాతలు ఈ సంఘటనతో ముడిపెట్టి వివరిస్తారు. వంశపారంపర్య వస్తువు గురించి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

అడగని వాటా

ఇప్పుడు మన ఇళ్ల సంగతి చూద్దాం. తండ్రి కన్నుమూస్తాడు. ఇల్లు, పొలం సంగతి తరువాత. ముందుగా తల్లి సందూకు, తండ్రి గడియారం, నానమ్మ పాన్‌దాన్, పెద్ద దేగ్ ఎవరి దగ్గర ఉంటాయి? సాధారణంగా ఆ ఇంట్లో ఉండిపోయిన కొడుకు దగ్గర. ఇది పంచుకునే వస్తువు కాదు, ఖాన్‌దాన్ గుర్తు అంటాం. గుర్తు అన్న మాటతో అక్కచెల్లెళ్ల నోరు మూయిస్తాం. ఇంకొందరు మరో అడుగు ముందుకు వేసి, పెళ్లి సందడిలోనో నలుగురు బంధువుల ఎదుటో "నీ వాటా మాఫ్ చేశావు కదమ్మా?" అని అడిగి తల ఊపించుకుంటారు. మొహమాటంతో ఊపిన తల సమ్మతి అవుతుందా?

నిసా సూరా 7వ వాక్యం తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు వదిలి వెళ్లిన దానిలో పురుషులకూ వాటా ఉంది, స్త్రీలకూ వాటా ఉంది అని ప్రకటిస్తుంది. అది కొంచెమైనా, ఎక్కువైనా సరే అని కూడా చెబుతుంది. ఈ చివరి మాటను మనం పట్టించుకోం. ఎకరాలకే షరీఅత్ వర్తిస్తుందనీ, పాన్‌దాన్‌కు వర్తించదనీ ఎవరు చెప్పారు? కొడుకు వాటాలో సగం కూతురికి ఉందని 11వ వాక్యం చెబితే, ఆ లెక్క ఇంటితో పాటు ఇంట్లోని సామానుకూ వర్తిస్తుంది.

పాన్‌దాన్‌ను ముక్కలు చేసి పంచమని నేను అనడం లేదు. పంచలేని వస్తువుకు దారులున్నాయి. అందరూ కూర్చుని వెల కట్టి, ఒకరు తీసుకుని మిగిలినవారి వాటా సొమ్ముగా ఇవ్వవచ్చు. ఒకరికి గడియారం, మరొకరికి దేగ్చీ అని సమ్మతితో సర్దుకోవచ్చు. మనస్ఫూర్తిగా వదులుకునేవారు వదులుకోవచ్చు. కానీ ముందు అది తనదని వారికి తెలియాలి, అది వారి చేతికి అందే దారి ఉండాలి. అప్పుడు వదులుకుంటేనే అది వదులుకోవడం. ఇంకో విషయం. వస్తువు వెండిదో బంగారానిదో అయితే, జ్ఞాపకం అని పేరు పెట్టినంత మాత్రాన జకాత్ తప్పిపోదు. హనఫీ మతం ప్రకారం 52½ తులాల వెండి లేదా 7½ తులాల బంగారం నిసాబు. ఆ పరిమితి చేరి ఏడాది గడిస్తే నూటికి రెండున్నర వంతు జకాత్ ఇవ్వాలి, అది సందూకులో పడి ఉన్నా సరే. బిదరీ, రాగి, ఇత్తడి వాడుక వస్తువులకు ఈ జకాత్ లేదు.

బాగుచేయబోయి పాడుచేయడం

హక్కు సంగతి తేలాక మరమ్మతు సంగతి వస్తుంది. ఇక్కడ మన మంచి ఉద్దేశమే ఎక్కువ నష్టం చేస్తోంది. ఆ తడి గుడ్డ సంగతే తీసుకోండి. వెనుకటి రోజుల్లో కలంతో రాసే నల్ల సిరాను దీపపు మసి, తుమ్మ బంక కలిపి చేసేవారు. ఎండ తగిలినా వెలిసిపోని సిరా అది. కానీ తడి తగిలితే బంక కరిగి అక్షరం చెదిరిపోతుంది. అచ్చు అక్షరానికి ఏమీ కాదు గనుక చేతిరాతకూ కాదనుకుని తుడుస్తాం. పాత కాగితం మీది దుమ్మును పొడి మెత్తటి కుంచెతోనే తీయాలి.

చినిగిన పుటకు పారదర్శకమైన టేపు అతికించడం మరో తప్పు. కొన్నేళ్లకు ఆ జిగురు పసుపు పచ్చగా మారి కాగితంలోకి ఇంకిపోతుంది. టేపు ఊడుతుంది, మరక మిగులుతుంది. ప్లాస్టిక్ కవరులో వేడి చేసి లామినేషన్ చేయించడం ఇంకా పెద్ద తప్పు. అలా చేసిన కాగితాన్ని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. తెలిసినవారు గోధుమ పిండి గంజితో పలుచని జపాన్ కాగితాన్ని వెనుక అతికిస్తారు. రేపు కావాలంటే ఆ గంజిని తడిపి తిరిగి తీసివేయవచ్చు. మరమ్మతుకు మొదటి నియమం అదే. చేసిన పనిని అవసరమైతే తిరిగి విప్పగలిగి ఉండాలి.

పురుగు సంగతి మన పెద్దలకూ తెలుసు. పాత అరబీ, ఫార్సీ రాతప్రతుల మొదటి పుటలో "యా కబీకజ్" అన్న రెండు మాటలు కనిపిస్తుంటాయి. కబీకజ్ అన్నది నిజానికి ఒక విషపు మొక్క పేరు. కాలక్రమంలో అది పురుగుల రాజు పేరని జనం నమ్మి, ఆ పేరు రాస్తే పురుగు పట్టదనుకున్నారు. రక్షించేవాడు అల్లాహ్ ఒక్కడే. ఆయన మనకు బుద్ధినిచ్చాడు. గ్రంథాన్ని చెమ్మ తగిలే గోడకు దూరంగా ఉంచడం, ఏడాదికి రెండుసార్లు తీసి నీడలో గాలికి ఆరబెట్టడం, నూలు గుడ్డలో చుట్టడం మన పని. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే లోపలి చెమ్మ లోపలే ఉండి బూజు పడుతుంది.

బిదరీ సామాను సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే ఎన్నో ఇళ్లలో అది ఇత్తడి చెంబులా చింతపండుతో తోమబడుతోంది. బిదరీలో ఎక్కువ భాగం జింకు, కొద్దిగా రాగి ఉంటాయి. దాని మీద వెండి తీగ, వెండి రేకు పొదుగుతారు. బీదర్ కోటలోని మట్టిని నవసాగరంతో కలిపి పూస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఆ నలుపు మురికి కాదు, ఆ పనికి అదే అందం. చింతపండు పులుపు, మెరుగు పొడి ఆ నలుపును తినేస్తాయి. పొడి గుడ్డతో తుడిచి, ఒక్క చుక్క కొబ్బరినూనె రాసి మళ్లీ పొడి గుడ్డతో రుద్దితే చాలు. వెండి తీగ ఊడిపోతే బిదరీ పనివారికే చూపించాలి.

రాగి దేగ్చీల సంగతి దీనికి భిన్నం. వాటికి కళాయి లేకుండా పులుపు వంటలు వండకూడదు. పాత్రను కాల్చి, నవసాగరం చల్లి, తగరం వేసి దూదితో పూసే కళాయి పనివాళ్లు ఒకప్పుడు వీధి వీధికీ వచ్చి కేకలు వేసేవారు. ఇప్పుడు వెదికి పట్టుకోవాలి. కళాయి వేయిస్తే దేగ్చీ మళ్లీ పొయ్యి మీదికి ఎక్కుతుంది. నానమ్మ దేగ్చీలో రంజాన్ నెల ఒక్కరోజు హలీం వండి పక్కింటికి పంపితే, గోడకు వేలాడదీసిన దానికన్నా ఆమె జ్ఞాపకం ఎక్కువ నిలుస్తుంది. ఇక జరీ దుపట్టాలు. పాత జరీ కొంటామని వచ్చేవారికి కావలసింది దారంలోని వెండి. వారు దాన్ని కాల్చి లోహం తీసుకుంటారు. ఏ ఇంటి పెళ్లికూతురు కట్టిందో ఆ బూడిద చెప్పదు.

మూగబోయిన కాగితాలు

వస్తువు బాగుపడింది. మరి అది మాట్లాడుతోందా? అసలు సమస్య ఇక్కడే ఉంది. మన పిల్లలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చదువుతున్నారు. ఇంట్లో దక్కనీ మాట్లాడతారు. కానీ ఉర్దూ లిపి రాదు. ఖుర్ఆన్ అక్షరాలు చదవగలిగిన పిల్లలు కూడా తాత గొలుసుకట్టుగా రాసిన షికస్తా దస్తూరీ ముందు తెల్లముఖం వేస్తారు. అందువల్ల సందూకులోని కాగితాలు మూగవయ్యాయి. చదవలేని కాగితానికి రెండే గతులు. భయభక్తులతో ముద్దుపెట్టుకుని దాచడం, లేదా తూకానికి అమ్మడం.

ఆ యువకుని ఇంట్లో దొరికిన కాగితాల కట్టలో ఒక రసీదు ఉంది. దాని మీద 1355 ఖుర్దాద్ అని తేదీ. ఎవరో హిజ్రీ అనుకుని 1936 నాటిదన్నారట. ఖుర్దాద్ హిజ్రీ నెల కాదు. నిజాం సర్కారు కాగితాల్లో ఫసలీ సంవత్సరం వాడేవారు. ఆజుర్, దై, బహ్మన్, ఇస్ఫందార్ అన్న నెలల పేర్లు కనిపిస్తే అది ఫసలీ అని గుర్తించాలి. ఆ ఏడాది అక్టోబరులో మొదలవుతుంది. ఫసలీ అంకెకు 590 కలిపితే మొదలయ్యే క్రీస్తు శకం వస్తుంది. ఆ లెక్కన 1355 ఖుర్దాద్ అంటే 1946 వేసవి. పదేళ్ల తేడా! ఇంటి హక్కు గురించి కోర్టుకు వెళ్లినప్పుడు ఆ పదేళ్లు ఎంత పని చేస్తాయో వేరే చెప్పనక్కరలేదు.

అందుకే నా సూచన ఒకటి. ఉర్దూ కాగితంలో ఉన్నదాన్ని తెలుగులో రాసి ఆ కాగితంతో పాటే ఉంచండి. దీనికి కొందరు పెద్దలు అభ్యంతరం చెబుతారు. తెలుగులో రాసిపెడితే పిల్లలు ఇక ఉర్దూ ఎందుకు నేర్చుకుంటారు అంటారు. వారి బాధ నాకు తెలుసు. నా చదువు, నా జీవనం ఉర్దూతోనే సాగాయి. కానీ నా అనుభవంలో చూసింది వేరు. తాత రాసిందేమిటో తెలుగులో తెలిసిన పిల్లవాడే ఆ అక్షరాలు తానూ చదవాలని అడుగుతున్నాడు. ఏమీ తెలియని పిల్లవాడు అడగడు. భాష మీది ప్రేమతో జ్ఞాపకాన్ని తాళం వేసి ఉంచితే రెండూ పోతాయి.

ఇది పెద్ద పనేమీ కాదు. ప్రతి మసీదులో వారానికి ఒకరోజు అసర్ నమాజు తరువాత ఒక గంట చాలు. పాత దస్తూరీ చదవగల పెద్దవారు ఒకరు, తెలుగు చక్కగా రాయగల విద్యార్థి ఒకరు కూర్చోవాలి. ఇళ్ల నుంచి కాగితాలు తెచ్చినవారికి చదివి వినిపించి, ఒక నోటుబుక్కులో నాలుగు గడులుగా రాసివ్వాలి. వస్తువు ఏది, దాని మీద ఏం రాసి ఉంది, దాని గురించి ఇంట్లో ఎవరు ఏం చెప్పారు, అది ఎవరి హక్కు. ఈ నాలుగో గడి ఖాళీగా వదలకూడదు. ఫోనులో తీసిన ఫోటో ఫోనుతోనే పోతుంది గనుక కాగితం మీద ఒక నకలు తీయించి ఉంచుకోవాలి.

ఇంటికి మించిన విలువ ఉన్నవి దొరికితే, అంటే రాతప్రతులు, పాత ఫర్మానులు, అచ్చుకాని దీవాన్‌లు దొరికితే, వాటిని కాపాడే సంస్థలు మన నగరంలో ఉన్నాయి. డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో స్థాపించిన ఇదారా అదబియాతె ఉర్దూ పంజాగుట్టలో ఉంది. ఆయన పట్టుదలతో సేకరించిన రాతప్రతులు అందులో భద్రంగా నిలిచాయి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో కన్నుమూసిన తరువాత ఆయన సేకరణ 1951 డిసెంబరు 16న దీవాన్ దేవిడీలో మ్యూజియంగా ప్రజల ముందుకు వచ్చింది. 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మారింది. వారసులు లేని నవాబు వస్తువులు లోకమంతటి వారసత్వం అయ్యాయి. వారసులున్న మన సందూకులు మాత్రం అనాథలవుతున్నాయి.

1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చి నగరంలో ఇళ్లకు ఇళ్లు తుడిచిపెట్టుకుపోయింది. 1948 సెప్టెంబరు అల్లకల్లోలంలో ఎన్నో కుటుంబాలు కట్టుబట్టలతో ఊళ్లు విడిచాయి. అప్పుడు పోయినవాటికి మనం బాధ్యులం కాము. కానీ వరద, కల్లోలం దాటి మన దాకా వచ్చినవాటిని అపార్టుమెంటు కట్టే తొందరలో పోగొట్టుకుంటే ఎవరిని నిందిస్తాం?

రెండు జాగ్రత్తలు

ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరం. పాత ఖుర్ఆన్ పుటలు చదవడానికి వీలులేనంతగా శిథిలమైతే శుభ్రమైన గుడ్డలో చుట్టి, నడిచే దారి కాని పవిత్రమైన చోట పూడ్చిపెట్టాలని మన ఉలమా చెప్పారు. అది గౌరవమే. అయితే పెట్టెలో వేసే ముందు ఒకసారి తెరిచి చూడండి. కుట్లు ఊడినంత మాత్రాన అది శిథిలం కాదు. మంచి జిల్దుసాజ్ చేతిలో పడితే మరో వందేళ్లు పారాయణానికి పనికి వస్తుంది. చేతిరాత ఏమైనా ఉంటే చదివించుకోకుండా మట్టిపాలు చేయకండి.

రెండో హెచ్చరిక. పెద్దల వస్తువు పెద్దలు కాదు. దానిలో మహిమలు వెదకవద్దు, దాని ముందు మొక్కులు మొక్కవద్దు. మా తాత ఫలానా జాగీర్దారు అని చెప్పుకోవడానికి దాన్ని సాక్ష్యంగా నిలబెట్టవద్దు. అల్లాహ్ దగ్గర ఘనత దైవభీతికే గాని వంశానికి కాదు. కష్టపడి కొన్న ఒక రాగి లోటా, దోపిడీతో వచ్చిన బంగారు పళ్లెం కన్నా గొప్ప వారసత్వం.

చెరిగిన వరుస

ఆ యువకుని సంగతితో ముగిస్తాను. అతను గ్రంథాన్ని పెట్టెలో వేయలేదు, అద్దాల పెట్టెలోనూ పెట్టలేదు. మరుసటి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని షామీర్‌పేట వైపు మేనత్త ఇంటికి వెళ్లాడు. ఆమెకు ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి. గుడ్డ విప్పి ఒళ్లో పెట్టగానే ఆమె గ్రంథాన్ని తెరవలేదు. ముందు వేళ్లతో అట్ట అంచు తడిమి చూశారు. తరువాత నెమ్మదిగా చెప్పుకొచ్చారు. పెళ్లినాడు అబ్బాజాన్ చేతికిచ్చారట. భర్త ఉద్యోగం బదిలీల మీద బదిలీలు కావడంతో, అద్దె ఇళ్లలో పాడైపోతుందని అమ్మ దగ్గర దాచమని ఇచ్చారట. అమ్మ పోయింది. తరువాత అడగలేదట.

"ఎందుకు అడగలేదు ఫుప్పు?" అన్నాడు మేనల్లుడు.

"ఖుర్ఆన్ అడిగితే, దాని వెంట ఇంట్లో వాటా అడుగుతానేమోనని అనుకుంటారని భయపడ్డాను బేటా. పుట్టింటి గడప దూరమవుతుందని ఊరుకున్నాను. ఊరుకున్నా దూరమే అయింది" అన్నారామె.

షరీఅత్ దృష్టిలో ఈ విషయం స్పష్టం. తండ్రి ఇచ్చాడు, కూతురు చేతిలోకి తీసుకుంది, హిబా పూర్తయింది. తల్లి దగ్గర ఉంచింది అమానతు. ఇన్నేళ్లూ ఆ ఇంట్లోవారు తమది అనుకున్నది తమది కాదు. యువకుడు ఆమె చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాడు. ఇంటి వాటా సంగతి కూడా పెద్దల ఎదుట కూర్చుని తేల్చుకుందామని తనే అన్నాడు.

అప్పుడు నేను చెరిగిపోయిన ఆ వరుస చూపించాను. 1375 అన్న అంకె పక్కన ఎవరి పేరు ఉండేదని అడిగాను. ఆమె కళ్లజోడు పెట్టుకోకుండానే చెప్పారు. అది తన తమ్ముడి పేరట. పదకొండు రోజులు బతికాడట. అప్పటికి ఆమెకు ఆరేళ్లు. తల్లి ఏడుస్తుంటే తండ్రి ఆ పేరు ఖుర్ఆన్‌లో రాసి, వీడు కూడా మన లెక్కలోని వాడే అన్నారట. ఆ పేరు తెలిసినవారు ఈ భూమి మీద ఇప్పుడు ఆమె ఒక్కరే. తడి గుడ్డ తుడిచేసింది ఆమె దగ్గర ఉంది. హక్కుదారును వెదుక్కుంటూ వెళ్లకపోయి ఉంటే, ఆ పసివాడు ఆ ఇంటి లెక్కలోంచి శాశ్వతంగా పోయేవాడు.

ఆ పేరును మేము ఆ పాత కాగితం మీద రాయలేదు. వేరే కాగితం మీద ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి లోపల ఉంచాం. ఖుర్ఆన్‌కు ఒక జిల్దుసాజ్ కొత్త కుట్లు వేశాడు, పాత అట్టనే తిరిగి అతికించాడు. అది ఇప్పుడు ఫుప్పు ఇంట్లో రెహల్ మీద ఉంది. యువకుని కూతురు శుక్రవారాల్లో అక్కడికి వెళ్లి ఆమె దగ్గర ఖాయిదా నేర్చుకుంటోంది.

పాఠక సోదర సోదరీమణులారా! ఈ వారం మీ ఇంటి సందూకు తెరవండి. మెరుగు పెట్టే ముందు, అట్ట మార్చే ముందు, అమ్మే ముందు, ఇది ఎవరిది అని ఒక్కసారి అడగండి. మీ ఇంట్లో ఫుప్పు ఉంటే, ఖాలా ఉంటే, అక్క ఉంటే ముందు వారి గుమ్మం తొక్కండి. హక్కు తిరిగి ఇచ్చిన చేతికే జ్ఞాపకం తిరిగి దక్కుతుంది. అమానతులను హక్కుదారులకు చేర్చే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.